పెళ్లయ్యాక మానేస్తుందని నాన్న మాటిచ్చేశారు

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. మాది నెల్లూరు, చిన్నప్పటి నుంచి బెంగళూరు మారతహళ్లిలోనే ఉంటున్నాం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, నెలలో ఒకటి రెండు శనివారాలు స్నేహితురాలితో కలిసి ఇందిరానగర్, కోరమంగల పబ్బుల్లో టెక్నో నైట్స్ (ఎలక్ట్రానిక్ డాన్స్ మ్యూజిక్ రాత్రులు) పెడుతుంటాను. డీజేలను మాట్లాడటం, పోస్టర్లు, టికెట్లు, డోర్ దగ్గర నిలబడటం అన్నీ మేమే. ఒంటి గంటకు అయిపోతుందని ఇంట్లో చెబుతాను, ఇల్లు చేరేసరికి మూడు దాటుతుంది. ఇప్పుడొక సంబంధం కుదిరేలా ఉంది. అబ్బాయి నాకూ నచ్చాడు. 'ఏవో మ్యూజిక్ ప్రోగ్రాములు చేస్తుంది, పెళ్లయ్యాక మానేస్తుంది' అని నాన్న వాళ్లకు చెప్పేశారు. నాకు మానే ఉద్దేశం లేదు. గట్టిగా మాట్లాడితే అమ్మకు బీపీ పెరుగుతోంది. నిశ్చితార్థం అయ్యాక మెల్లగా చెప్పుకోవచ్చా?

జవాబు: వద్దమ్మా. నిశ్చితార్థానికి ముందే చెప్పాలి, అదీ మీ నోటితోనే.

నాన్నగారి భయం ఎక్కడిదో తెలుస్తూనే ఉంది. 2024 మేలో ఎలక్ట్రానిక్ సిటీ దగ్గర ఒక ఫామ్‌హౌస్ పార్టీపై పోలీసులు దాడి చేస్తే మన తెలుగు ఛానళ్లు రోజుల తరబడి అదే చూపించాయి. బెంగళూరు, డీజే, అర్ధరాత్రి అనగానే ఆయనకు గుర్తొచ్చేది అదే. మీరేమో ఎలక్ట్రానిక్ సంగీతం మనకు కొత్త కాదని, 1969లోనే అహ్మదాబాద్‌లోని డిజైన్ విద్యాసంస్థ ఎన్ఐడీలో మూగ్ సింథసైజర్ అనే ఎలక్ట్రానిక్ వాయిద్యంతో స్టూడియో పెట్టారని ఆయనకు వివరించారట. నిజమే, కానీ ఆయన అడుగుతున్నది సంగీతం గురించి కాదు కదా! మీరు పనిచేసేది లైసెన్సు ఉన్న చోటేనని, 21 ఏళ్లు నిండనివాళ్లకు అక్కడ మందు పోయకూడదని, ఒంటి గంటకు మూసేయాల్సిందేనని చెప్పండి. ఆ తర్వాత లెక్కలు చూసుకుని, డీజేని హోటల్‌కు పంపి, ఇంటికొచ్చేసరికి మూడవుతుందని కూడా చెప్పండి. ఇన్నాళ్లూ మీరు ఆ రెండు గంటలు మింగేశారు, ఆయన పెళ్లివారి దగ్గర అసలు విషయమే మింగేశారు. మీ ఇద్దరికీ పెద్ద తేడా లేదు.

అమ్మగారి బీపీని డాక్టర్‌కు చూపించండి. దానికి భయపడి ఇంట్లో ఎవరూ ఏదీ మాట్లాడకపోతే, ఆ మాటలన్నీ పెళ్లి తర్వాత అత్తగారింట్లో బయటపడతాయి. అప్పుడు అమ్మగారికి ఇంకా టెన్షన్.

అబ్బాయితో 'నాకు మ్యూజిక్ అంటే ప్రాణం' లాంటి మాటలు చాలవు. అవి విని ఎవరైనా తలూపుతారు. నెలకెన్ని శనివారాలు, ఎన్నింటికి వస్తారు, ఎవరు దింపుతారు అన్నది చెప్పండి. టికెట్లు పోకపోయినా డీజే ఫీజు, విమానం ఖర్చు ఇవ్వాల్సిందే కాబట్టి, నష్టం వస్తే మీ జీతంలోంచి ఎంతవరకు పెడతారో ముందే ఒక హద్దు గీసుకుని అదీ చెప్పండి. సంసారాల్లో ఎక్కువ గొడవలు ఇక్కడే మొదలవుతాయి. కుదిరితే ఒక శనివారం సాయంత్రం సౌండ్ చెక్ నుంచి చివరిదాకా రమ్మనండి. గెస్ట్ లిస్ట్‌లో పేరు లేకపోయినా లోపలికి వదలమని తాగినవాడెవడో మీతో గొడవ పడుతుంటే ఆయన ఏం చేస్తాడో మీరూ చూడొచ్చు.

ఆలోచించుకుంటానంటే టైమ్ ఇవ్వండి. కుదరదంటే బాధగానే ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ ఇప్పుడు తప్పేది ఒక సంబంధమే.

ఒక్క జాగ్రత్త. ముందు నాన్నగారితో మాట్లాడి, ఆ తర్వాతే అబ్బాయికి ఫోన్ చేయండి. ఈ మాట అవతలివైపు నుంచి ఆయన చెవిన పడితే, మధ్యవర్తి ముందు ఆయన తలదించుకోవాల్సి వస్తుంది.