గది మారింది, పాట మారింది

ప్రశ్న: మా పాత ఇంటి హాలు 20 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు. అందులో కమ్మగా పాడిన స్పీకర్లనే కొత్త ఇంట్లో 10 అడుగుల చదరపు గదిలో పెట్టాను. ఒకటి మూలకు, ఇంకొకటి తలుపు పక్కకు సర్దాల్సి వచ్చింది. గోడ పక్కన కూర్చుంటే బేస్ గుమ్మని మోగుతోంది. కుర్చీ గది మధ్యకు లాక్కుంటే అదే బేస్ మాయం. స్పీకర్లు పాడయ్యాయా? చిన్నవి కొనాలా?

జవాబు: మీ స్పీకర్లకు ఏమీ కాలేదు. దయచేసి అమ్మేయకండి. ఇలాంటి గదిలోనే నేను ఆరేళ్లు పాటలు విన్నాను, ఆ మోత ఎలా విసిగిస్తుందో నాకు తెలుసు.

ధ్వని సెకనుకు సుమారు 1,130 అడుగులు పోతుంది. మీ ఎదురెదురు గోడల మధ్య పోయి రావడానికి 20 అడుగులు. 1,130ని 20తో భాగిస్తే 56 దాటి వస్తుంది. ఆ 56 హెర్ట్జ్, అంటే సెకనుకు 56 సార్లు కంపించే స్వరం, గోడలకు తగిలి తిరిగొచ్చేసరికి తరువాతి అల సరిగ్గా దానికి తోడవుతుంది. గోడల పక్కన ఉబ్బుతుంది, గది నడిమధ్యలో దాదాపు ఆరిపోతుంది. బేస్ గిటార్‌లో లావు నుంచి రెండో తీగను నొక్కకుండా మీటితే పలికేది 55 హెర్ట్జ్. ఆ తీగ పలికినప్పుడల్లా మీ గదీ పలుకుతోందన్నమాట.

పాత హాల్లోనూ ఈ గొడవ ఉంది. కాకపోతే పొడవు వైపు 28, వెడల్పు వైపు 40 హెర్ట్జ్ దగ్గర, వేర్వేరుగా. పాటలు అంత కిందికి దిగేది తక్కువ. ఇప్పుడు రెండు మోతలూ ఒకే స్వరం మీద పడ్డాయి. సీలింగ్ ఎత్తు కూడా 10 అడుగులే అయితే మూడోదీ తోడైనట్టే, టేపుతో కొలవండి.

నేను మొదట గోడలకు అంగుళం మందం ఫోమ్ అంటించాను. పాటలోని చేతితాళాల గలగల, గాయని ఊపిరి అణగిపోయాయి, మోత మాత్రం చెక్కుచెదరలేదు. 20 అడుగుల అల అంగుళం ఫోమ్‌కు లొంగదు. ఆఖరికి 56 హెర్ట్జ్ టోన్ ఒకటి తక్కువ వాల్యూంలో పెట్టి గదంతా మెల్లగా తిరిగాను. మూలన కిటికీ అద్దం జిరజిరమంటోంది. అక్కణ్ణించి గది మధ్యకొస్తే ఎవరో స్విచ్ ఆపినట్టు నిశ్శబ్దం. ఆ రోజే ఫోమ్ పీకేసి, కుర్చీ చోటు మార్చాను.

మీరూ అదే చేయండి. రెండు స్పీకర్లనూ ఒకే గోడ వైపు తెచ్చి, మూలలకు దూరంగా జరపండి. పక్క గోడకూ వెనక గోడకూ ఉన్న దూరాలు సమానం కానివ్వకండి. కుర్చీని మీ వెనక గోడకు మూడున్నర, నాలుగు అడుగుల ఎడంగా వేసుకోండి. ఇంకా మోత మిగిలితే ఈక్వలైజర్‌లో (ఒక్కో స్వరాన్ని విడిగా పెంచి తగ్గించే సెట్టింగ్‌లో) 56 హెర్ట్జ్ దగ్గర నాలుగైదు డెసిబెల్స్ తగ్గించండి. వినబడని స్వరాన్ని మాత్రం పెంచకండి, అది మిగతా చోట్ల ఇంకా ఉబ్బుతుంది.

చిన్న స్పీకర్లు కొంటే మోత తగ్గుతుంది, నిజమే. దాంతోపాటు మీరు ఇష్టపడి కొనుక్కున్న ఆ నిండుతనమూ పోతుంది. ముందు ఒక సాయంత్రం కుర్చీ జరుపుతూ, మీకు బాగా తెలిసిన పాట ఒక్కటే మళ్లీ మళ్లీ వినండి.