మైనస్ 196 డిగ్రీల్లో మైక్రోకంట్రోలర్: దీనికి ఉద్యోగాలుంటాయా?

ప్రశ్న: బీటెక్ ఈసీఈ మూడో ఏడాది. గడ్డకట్టే చలిలో మైక్రోకంట్రోలర్లు (పరికరాలను నడిపే చిన్న కంప్యూటర్ చిప్‌లు) ఎలా పనిచేస్తాయన్నది నాకు బాగా ఇష్టమైన విషయం, ప్రాజెక్టూ దాని మీదే చేద్దామనుకుంటున్నా. నాన్న మాత్రం దాంతో ఉద్యోగం రాదు, పైథాన్ నేర్చుకోమంటున్నారు. ఏం చేయను?

జవాబు: మీ నాన్నగారి టెన్షన్ న్యాయమైనదే, ఈ పేరుతో ఉద్యోగ ప్రకటన ఎక్కడా కనపడదు మరి. కానీ పని ఉంది. 2023 ఆగస్టులో దిగిన చంద్రయాన్-3 ల్యాండర్ విక్రమ్, రోవర్ ప్రజ్ఞాన్‌లను చంద్రుడి మీద ఒక్క పగటి కోసమే తయారుచేశారు, ఆ రాత్రి చలి తర్వాత అవి మళ్లీ లేవలేదు. రాత్రిని కూడా తట్టుకునే ఎలక్ట్రానిక్స్ ఎవరో ఒకరు చేయాలి కదా. విపరీతమైన చలిలో నడిచే క్వాంటమ్ కంప్యూటర్లకీ ఇదే అవసరం, ఇంటెల్ 2019లోనే 4 కెల్విన్ (దాదాపు మైనస్ 269 డిగ్రీలు) దగ్గర పనిచేసే కంట్రోల్ చిప్ ప్రకటించింది.

ఇప్పుడు అసలు సంగతి. మామూలు మైక్రోకంట్రోలర్‌కి కంపెనీ హామీ సాధారణంగా మైనస్ 40 వరకే. అయినా మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ముంచినా చిప్ చాలాసార్లు బతికే ఉంటుంది, పైగా చలికి ఎలక్ట్రాన్లు సులువుగా కదులుతాయి కాబట్టి ఇంకా వేగంగా నడుస్తుంది. ఆర్డుయినో బోర్డులోని ఏటీమెగా328 చిప్ పరిమితి 20 మెగాహెర్ట్జ్ అయితే దాన్ని 65 దాకా తీసుకెళ్లినవాళ్లున్నారు. ముందు చేతులెత్తేసేవి చుట్టూ ఉన్న పార్టులు. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్‌లో ద్రవం గడ్డకట్టి అది ఉన్నా లేనట్టే అవుతుంది, సిరామిక్ కెపాసిటర్లలో ఎక్స్7ఆర్ రకం విలువ బాగా పడిపోతుంది, సీ0జీ రకం నిలబడుతుంది. చిప్ లోపల గడియారంలా పనిచేసే ఆర్‌సీ ఆసిలేటర్ వేగం మారితే సీరియల్ మానిటర్‌లో (చిప్ పంపే సమాచారం కంప్యూటర్‌లో కనపడే చోట) పిచ్చి అక్షరాలు వస్తాయి, వోల్టేజ్ తగ్గితే చిప్‌ని ఆపే బ్రౌన్-అవుట్ డిటెక్టర్ లెక్క తప్పితే వోల్టేజ్ సరిగ్గానే ఉన్నా చిప్ రీసెట్ అవుతూనే ఉంటుంది. లక్షణం చూసి కారణం పట్టుకోగలిగితే, ఇంటర్వ్యూలో నిన్ను గుర్తుపెట్టుకుంటారు.

మొదలు ఇంటి ఫ్రీజర్‌తోనే పెట్టు, మైనస్ 18 చాలు. ఆసిలేటర్ ఫ్రీక్వెన్సీ, ఏడీసీ (వోల్టేజ్‌ని అంకెగా మార్చే భాగం) రీడింగ్, బోర్డు లాగే కరెంటు నిమిషానికోసారి రాసుకో, గ్రాఫులు పైథాన్‌లో గీయి (ల్యాబుల్లో పరికరాలు నడిపేదీ ఎక్కువగా దాంతోనే, కాబట్టి నాన్నగారి మాట కూడా విను). బోర్డు బయటికి తీసేముందు గాలి చొరకుండా కవర్లో మూసి, గది వేడికి వచ్చాకే తెరువు, లేకపోతే తేమ పట్టి షార్ట్ అవుతుంది. ద్రవ నైట్రోజన్ అరుదైనదేం కాదు, పశువుల ఆస్పత్రుల్లో వీర్యం దాచేది అందులోనే. కానీ దాన్ని హాస్టల్ గదికి మాత్రం తేవద్దు! మూసిన గదిలో అది ఆవిరైతే ఆక్సిజన్ తగ్గిపోతుంది, వాసన ఉండదు కాబట్టి తెలియను కూడా తెలియదు. ప్రొఫెసర్ దగ్గరుండి, గాలి ఆడే ల్యాబ్‌లో చేయిస్తేనే చేయి.

చదువు విషయానికొస్తే సెమీకండక్టర్ డివైసెస్, అనలాగ్ సర్క్యూట్లు, ఈ రెండూ గట్టిగా పట్టు. గేట్ రాసి ఐఐఎస్సీలోనో ఐఐటీలోనో మైక్రోఎలక్ట్రానిక్స్ వైపు ఎంటెక్ చేస్తే దారి తెరుచుకుంటుంది. ఒకవేళ ఈ చలి ఎలక్ట్రానిక్స్‌లో చోటు దొరక్కపోయినా అదే చదువుతో హైదరాబాద్, బెంగళూరు చిప్ కంపెనీల్లో వీఎల్‌ఎస్‌ఐ (చిప్ డిజైన్) ఉద్యోగాలకు వెళ్లొచ్చు, ఇది నాన్నగారికి చెప్పు. ఇస్రో సైంటిస్ట్/ఇంజనీర్ పోస్టులకు బీటెక్‌లో 65 శాతం అడుగుతారు, బ్యాక్‌లాగ్‌లు ఏమైనా ఉంటే ప్రాజెక్టు కంటే ముందు వాటి సంగతి చూడు.