హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు అమెరికాలో టేజర్ కొనుక్కోవచ్చా?

టేజర్ అంటే తీగలు కట్టిన ముళ్ళు విసిరి కరెంటు షాక్ కొట్టే పరికరం. నేను హెచ్1బీ మీద ఉన్నప్పుడే టెక్సాస్‌లో కొన్నాను. మిగతా రాష్ట్రాల్లో ఎలాగో అక్కడి చట్టం చూసుకోండి.

నిజానికి నేను వెళ్ళింది షాట్‌గన్ కోసం. మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో వారంలో రెండు కార్ల అద్దాలు పగిలాయి. మా ఆవిడకి ఒకటే టెన్షన్. కౌంటర్ దగ్గరున్న పెద్దాయన నా వీసా చూసి, ‘హంటింగ్ లైసెన్స్ ఉందా?’ అన్నాడు. వేళాకోళం ఆడుతున్నాడనుకున్నాను. కాదట. తాత్కాలిక వీసా వాళ్ళు తుపాకీ కొనకూడదని ఫెడరల్ చట్టం, కానీ వేట లైసెన్స్ చూపిస్తే కొనొచ్చు! చిన్నప్పుడు పెరట్లో కోడిని కోస్తుంటే ఇంట్లోకి పారిపోయేవాణ్ణి. అలాంటి నేను వేటగాణ్ణని కాగితం తెచ్చుకోవాలి. నా మొహం చూసి ఆయనే పక్క అరలోంచి టేజర్ తీశాడు. ‘దీనికి అవేవీ అక్కర్లేదు’ అన్నాడు.

ఎందుకక్కర్లేదంటే అందులో మందుగుండు లేదు, నైట్రోజన్ గ్యాస్ ఉంది, అంతే. జాక్ కవర్ 1970ల్లో చేసిన మొదటి టేజర్ మందుగుండుతో ముళ్ళు విసిరేది, 1976లో దాన్ని తుపాకీగా లెక్కకట్టారు. 90ల్లో గ్యాస్‌కి మార్చగానే తుపాకీ కాకుండా పోయింది. 2023లో పోలీసుల కోసం వచ్చిన టేజర్ 10లో మళ్ళీ ప్రైమర్ (తూటాల్లో ఉండే, దెబ్బ తగలగానే పేలే చిన్న మందు) పెట్టారు, మళ్ళీ తుపాకీ అయింది. ఎదుటివాడికి తగిలేది కరెంటే అయినా, ముల్లుని వెనకనుంచి తోసిందేమిటన్నదే చట్టానికి పట్టింపు. నన్నడిగితే ఇంతకన్నా తెలివితక్కువ లెక్క లేదు. పైగా తుపాకీ అనిపించుకుంటే తయారీదారు మీద రకాన్ని బట్టి 10 లేదా 11 శాతం ఎక్సైజ్ పన్ను ఉంది. 1937 నాటి చట్టం ప్రకారం ఆ డబ్బు వన్యప్రాణుల సంరక్షణకి పోతుంది. దొంగ మీద ముల్లు విసిరే పరికరానికీ జింకల మేతకీ ఏం సంబంధమో! ఈ రెండు బెడదలూ తీసేయాలని అమెరికా కాంగ్రెస్‌లో బిల్లు పెట్టారు కూడా.

పెప్పర్ స్ప్రే చాలదా అంటారేమో. మనవాళ్ళకి ఆ పేరు వింటే 2014 ఫిబ్రవరి 13న తెలంగాణ బిల్లు పెట్టినప్పుడు ఎంపీ లగడపాటి రాజగోపాల్ దాన్ని కొట్టిన లోక్‌సభే గుర్తొస్తుంది. నాకు మాత్రం మా బాల్కనీ గుర్తొస్తుంది. పనిచేస్తుందో లేదో చూద్దామని ఒక్కసారి నొక్కాను. గాలి ఎదురు తిరిగింది. ఎండుమిర్చి దంచే ఇంట్లో పెరిగినవాణ్ణి, అయినా అరగంట కుళాయి కింద తల పెట్టుకుని ఉన్నాను.

టేజర్ ఇప్పటికీ సొరుగులోనే ఉంది, ఒక్కసారీ వాడలేదు. అద్దాలు పగలగొట్టినవాడు దొరకలేదు. ఇన్సూరెన్స్ వాళ్ళు మాత్రం డిడక్టిబుల్ (ముందు మన జేబులోంచి పెట్టుకోవాల్సిన మొత్తం) కిందకే వస్తుందని ఒక్క డాలరూ ఇవ్వలేదు.