లేని లాటుకు కొనుగోలుదారు

ప్రశ్న: మా కోల్డ్ స్టోరేజీలో మిర్చి లాట్ల లెక్కలను కసాండ్రా అనే డేటాబేస్‌లో ఉంచుతున్నాము. కొనుగోలుదారు గడి నల్ (విలువ లేనిది) అయితేనే పేరు రాయాలని అప్‌డేట్‌కు (మార్పు ఆదేశానికి) షరతు పెట్టాము. 417కు బదులు 471 అని పొరపాటున కొడితే, అసలు లేని లాటుకు కొనుగోలుదారు వచ్చి చేరాడు. ఎందుకు?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: కసాండ్రాలో నల్ అంటే అక్కడ విలువ లేదనే తప్ప, ఖాళీ అనే విలువ నిల్వ ఉందని కాదు, అందువల్ల ఆ లాటుకు వరుసే లేనప్పుడు కూడా మీ షరతు నెగ్గుతుంది, అప్‌డేట్ ఆ వరుసను తానే సృష్టిస్తుంది. పేజీయే లేని ఖాతాలో ఆ గడి ఖాళీయే కదా! లాటును నమోదు చేసేటప్పుడే స్థితి గడిలో ‘అమ్ముడుపోలేదు’ అని రాసి, ఆ మాట ఉంటేనే మార్చాలని షరతు పెట్టండి. షరతు ఉన్న ప్రతి రాతకూ నోడ్ల (డేటాబేస్ నడిచే కంప్యూటర్ల) మధ్య పాక్సోస్ అనే ఏకాభిప్రాయ పద్ధతిలో సంప్రదింపులు జరుగుతాయి కనుక వేగం కొంత తగ్గుతుంది. అయినా అదే గడిని మరోచోట షరతు లేకుండా మార్చకండి.