సిక్స్త్ అండ్ ఐలో నీ కచేరీ సంగతి

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. వాషింగ్టన్‌లో సిక్స్త్ అండ్ ఐ అనే సినగాగ్ హాల్లో, అంటే యూదుల ప్రార్థన మందిరంలో, నీ వీణ కచేరీ అట, దానికి ముందు మన చేబ్రోలు యూదుల గురించి అరగంట ప్రసంగం అట. విని పొంగిపోయాను. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. రెండింటికి లేచి కాఫీ కలుపుకుని ఇదిగో, ఇది మొదలుపెట్టాను. వాట్సాప్‌లో పెట్టొచ్చు కదా మామయ్యా అంటావు. అక్కడ నేనేం పెట్టినా చదవకుండానే బొటనవేలు బొమ్మ కొడతావని నాకు తెలుసే.

చిన్న చిన్నవి ముందు చెప్పేస్తాను. టైముకి మొదలుపెట్టు. వేదిక మీదకి పన్నెండు మందిని పిలిచి శాలువాలు కప్పకు. వీణ తీగలు ఇంకో సెట్టు దగ్గర పెట్టుకో. టికెట్ల గొడవ ఎవరికైనా అప్పగించు, నీ చెయ్యి వాయించడానికి కావాలి. ఇంట్లో చేసిన పులిహోర శాకాహారమే కదా అని డబ్బాల్లో పెట్టుకుపోకు. యూదుల కోషర్ లెక్కలు, అదే వాళ్ళ తిండి నియమాలు, వేరు, వండిన గిన్నె దగ్గర్నుంచీ చూస్తారు. ఏం తేవచ్చో హాలువాళ్ళని అడుగు.

తేదీ ఇంకా ఖాయం కాలేదన్నారు. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేదాకా షబ్బాత్, వాళ్ళ విశ్రాంతి దినం, దాని జోలికి వెళ్ళకు. మనవాళ్ళకి శనివారం సాయంత్రం నాలుగింటికి ప్రోగ్రాం పెట్టడం అలవాటు, అందుకని చెబుతున్నాను. ఇంకోటి, వాళ్ళ పండగలు కూడా మన పండగల్లాగే ఏటా ఇంగ్లీషు తేదీల్లో ముందుకీ వెనక్కీ జరుగుతూ ఉంటాయి. వాళ్ళవీ చాంద్రమాసాలే. పంతొమ్మిదేళ్ళలో ఏడు అధిక మాసాలు వేసుకుంటారు, అచ్చం మనలాగే. మనకి మూఢాలూ శూన్యమాసాలూ ఉన్నట్టు వాళ్ళకీ నిష్ఠగా ఉండేవాళ్ళు పాటకచేరీలు మానుకునే రోజులున్నాయి. పాస్ఓవర్ పండగ తర్వాత కొన్ని వారాలు, ఎండాకాలంలో తిషా బి ఆవ్ అనే ఉపవాస దినం ముందు మూడు వారాలు. ఆ హాలువాళ్ళు అంత పట్టింపు పెట్టుకోకపోవచ్చు, కానీ వినడానికి వచ్చేవాళ్ళలో ఉంటారు. ఆదివారం తీసుకో.

ఇక హాలు గురించి. నాకు అది సొంత ఊరి సినిమాహాలంత తెలుసు. ఆరో వీధీ ఐ వీధీ కలిసే మూల మీద ఉంది కాబట్టి ఆ పేరు. 1908లో అదాస్ ఇజ్రాయెల్ అనే యూదు సమాజం కట్టుకుంది. అంతకు ముందు వాళ్ళది ఇంకో చిన్న ఇటుక సినగాగ్. 1876లో దాని ప్రారంభానికి ప్రెసిడెంట్ గ్రాంట్ స్వయంగా వచ్చి మూడు గంటల పాటు కదలకుండా కూర్చుని, పది డాలర్లు చందా ఇచ్చి వెళ్ళాడట. మన సంఘం మీటింగుల్లో ముఖ్య అతిథి దండ వేయించుకుని పది నిమిషాల్లో లేచిపోతాడు చూడు, నాకు అప్పుడల్లా ఆ గ్రాంటే గుర్తొస్తాడు. ఆ చిన్న సినగాగ్‌ని 1969లో మెట్రో ఆఫీసు కోసం పడగొట్టబోతే, చక్రాల మీదకి ఎక్కించి మూడు వీధుల అవతలికి లాక్కెళ్ళారు. ఇప్పుడది క్యాపిటల్ జ్యూయిష్ మ్యూజియంలో భాగం.

నీ హాలు సంగతి ఇంకా చిత్రం. 1951లో యూదులు వేరే చోటికి వెళ్తూ దాన్ని టర్నర్ మెమోరియల్ అనే నల్లజాతివారి మెథడిస్టు చర్చికి అమ్మారు. యాభై ఏళ్ళు అక్కడ ఏసు పాటలు మోగాయి. 2002లో చర్చివాళ్ళు మేరీలాండ్‌కి మారేటప్పుడు అది నైట్ క్లబ్ అయిపోవలసిందే. చివరి నిమిషంలో ముగ్గురు వ్యాపారులు కలిసి యాభై లక్షల డాలర్లకి కొన్నారు. వాళ్ళలో ఒకాయన ఏబ్ పోలిన్, పక్క వీధుల్లో ఉన్న బాస్కెట్‌బాల్ స్టేడియం అప్పట్లో ఆయనదే. 2004లో మళ్ళీ తెరిచారు. ఇప్పుడక్కడ ప్రార్థనలూ ఉంటాయి, కచేరీలూ ఉంటాయి, రచయితల ప్రసంగాలూ ఉంటాయి. నీ స్వాగత వాక్యాల్లో యూదుల పేరు ఎలాగూ చెబుతావు. ఆ యాభై ఏళ్ళ చర్చివాళ్ళ పేరు కూడా చెప్పు. వాళ్ళ పిల్లలు ఎవరైనా హాల్లో ఉండొచ్చు.

పైన గుమ్మటం ఉంది కాబట్టి శబ్దం జాగ్రత్త. ఖాళీ హాల్లో ఎక్కువ మోగుతుంది, జనం నిండాక తగ్గుతుంది. మధ్యాహ్నం సౌండ్ చెక్‌లో విని కంగారుపడి అన్నీ మార్చేయకు. మృదంగం మైకు ఒక మెట్టు తగ్గించు, లేకపోతే నీ గమకాలు ఆ మోతలో కలిసిపోతాయి. కింద చాప వేసుకుని కూర్చుంటే వెనక వరసలవాళ్ళకి వీణ కుండ కూడా కనబడదు. అడుగున్నర ఎత్తు బల్ల అడుగు.

ఇప్పుడు నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. 2025 మే 21 రాత్రి ఆ జ్యూయిష్ మ్యూజియం బయట జరిగింది నీకూ తెలుసు. లోపల ఏదో కార్యక్రమం అయ్యాక బయటికి వచ్చిన ఇద్దర్ని కాల్చి చంపారు. ఇజ్రాయెల్ ఎంబసీలో పనిచేసే కుర్రాడూ అమ్మాయీ, పెళ్ళి చేసుకుందామనుకుంటున్న జంట. నీ హాలు నుంచి అక్కడికి నడిచి వెళ్ళిపోవచ్చు. అంతకు ముందు 2018లో పిట్స్‌బర్గ్ సినగాగ్‌లో పదకొండు మంది పోయారు. కాబట్టి తలుపు దగ్గర బ్యాగులు విప్పించినా, ప్రశ్నలు అడిగినా మనవాళ్ళెవరూ విసుక్కోకూడదు. గార్డుతో జోకులు వెయ్యొద్దని మీ బాబాయికి ప్రత్యేకంగా చెప్పు. వీణ పెట్టె ఎంత ఉంటుందో, అందులో ఏముంటుందో రెండు రోజుల ముందే ఫోటో తీసి హాలువాళ్ళకి పంపు. కచేరీ అయ్యాక మెట్ల మీద గుంపుగా నిలబడి ఫోటోలు దిగొద్దు, లోపలే దిగండి. నువ్వు ఒక్కదానివీ మెట్రోలో వెళ్ళకు. నన్ను పిరికివాడనుకో, ఫర్వాలేదు. మానెయ్ అని మాత్రం అనడం లేదు చూశావా? ఒక గంటసేపు అనాలనే అనుకున్నాను. తర్వాత, వాళ్ళే తలుపులు తెరిచి పెట్టుకుని కూర్చుంటే మనం భయపడి వెళ్ళకపోవడమేమిటి అనిపించింది.

నీ ప్రసంగం విషయం. నేను తెనాలి నుంచి గుంటూరు కాలేజీకి వెళ్ళిన మూడేళ్ళూ బస్సు చేబ్రోలు మీదుగానే వెళ్ళేది. చతుర్ముఖ బ్రహ్మ గుడి తెలుసు గానీ ఆ ఊరి చివర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయీం వాళ్ళున్నారని నాకు అమెరికా వచ్చాక తెలిసింది. మాదిగ కుటుంబాలు, తాము పాత ఇజ్రాయెల్ గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయీం గోత్రంవారమని చెప్పుకుంటారు, తెలుగులో మాట్లాడుకుంటూ హీబ్రూలో ప్రార్థిస్తారు. వాళ్ళని యూదులుగా ఒప్పుకునేవాళ్ళూ ఉన్నారు, ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు. ఆ తీర్పు నువ్వు చెప్పకు. వింత చూపిస్తున్నట్టు ఫోటోలు వేయకు. వాళ్ళలో ఎవరైనా వీడియోలో నాలుగు ముక్కలు మాట్లాడితే నీ అరగంటలో పదిహేను నిమిషాలు వాళ్ళకే ఇచ్చెయ్. కులం మాట దాటవేయకు. మన ఇళ్ళలో దాటవేస్తాం, నాకు తెలుసు, నేనూ దాటవేసినవాణ్ణే.

అసలు చెప్పాలనుకున్నది ఇంకా మొదలే పెట్టలేదు.

1994 ఫిబ్రవరి. అప్పుడు నేను మన సంఘానికి కార్యదర్శిని, ఎంత పొగరుగా ఉండేవాణ్ణో మీ అమ్మని అడుగు. మద్రాసు నుంచి ఒక పెద్ద విద్వాంసుడు వస్తున్నారు. స్కూలు హాళ్ళు దొరక్క, ఊరి శివార్లలో ఒక సినగాగ్ అద్దెకి తీసుకున్నాం. నాలుగు వందల డాలర్లు. ఫారంలో సాంస్కృతిక కార్యక్రమం అని రాశాను. దీపం గురించి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. దీపం లేకుండా మనం ఏం మొదలుపెడతాం గనక? అందులో చెప్పేదేముంది అనుకున్నాను.

వేదిక వెనక, వాళ్ళ పవిత్ర గ్రంథం తోరా చుట్టలు దాచే బీరువా ముందు ఎర్ర మఖమల్ తెర ఉంది. ఆ ఎరుపు చూడగానే ఫోటోల్లో అద్భుతంగా వస్తుందనిపించింది. సరిగ్గా దాని ముందు బల్ల వేయించి, అత్తయ్య వాళ్ళ నాన్నగారిచ్చిన ఇత్తడి సరస్వతిని పెట్టాను. అటూ ఇటూ ఐదు వత్తుల కుందులు. చామంతి దండలు. అగరుబత్తి ముట్టించబోతుంటే తాళాల గుత్తితో ఒక పెద్దాయన వచ్చారు. ఆ హాలు చూసుకునే ఆయన. ఒక క్షణం విగ్రహాన్ని చూశారు, తెరని చూశారు, నన్ను చూశారు. అరవలేదు. దయచేసి ఇక్కడ కాదు, ముందు గదిలో పెట్టుకోండి అన్నారు.

నేను దిగలేదు. డబ్బు కట్టాం అన్నాను. ఇది మా సంప్రదాయం అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. దేవుడు ఒక్కడే కదండీ అని ఉపన్యాసం అందుకున్నాను. ఆయన శాంతంగా విని, "అవును, మా ఇబ్బంది కూడా అదే" అన్నారు. ఆ మాట నాకు అర్థం కావడానికి కొన్నేళ్ళు పట్టింది. విగ్రహం చెయ్యకూడదు, దానికి మొక్కకూడదు అన్నది వాళ్ళ పది ఆజ్ఞల్లో ఉన్నదే. నేను దాన్ని తీసుకెళ్ళి వాళ్ళ గర్భగుడి ముందు పెట్టాను. ఎవరైనా మన అమ్మవారి గుడిలో చెప్పులతో నడిచి, ఫోటో బాగా వస్తుందని గర్భగుడి గడప మీద కూర్చుంటే మనం ఏం చేస్తాం?

రెండు వందల మంది కూర్చుని చూస్తున్నారు. విద్వాంసుడు తంబురా శ్రుతి చేసుకుని తల వంచుకుని ఉన్నారు. ముప్పావుగంట. నేను వాదిస్తూనే ఉన్నాను, అప్పటికి అది దీపం గురించి కాదు, నా పరువు గురించి. అప్పుడు అత్తయ్య లేచి వచ్చింది. ఒక్క మాట అనకుండా దండలు తీసి, సరస్వతిని తన శాలువాలో చుట్టి ఎత్తుకుంది. "డిక్కీలో పెట్టి తాళం వెయ్" అని తాళాలిచ్చాను. నావైపు చూసింది. "అమ్మవారిని డిక్కీలోనా?" అని, బయటికి వెళ్ళిపోయింది.

తిరిగి వస్తుందనుకున్నాను. రెండున్నర గంటలు కచేరీ జరిగింది. మూడో వరసలో ఆవిడ కుర్చీ ఖాళీగానే ఉంది. చివర్లో విద్వాంసుడు సహాన రాగం పాడారు, పాడే ముందు, ఈ ఊరి నుంచి ఒక అమ్మాయి ఉత్తరం రాసి అడిగింది అన్నారు. ఆ ఉత్తరం సంగతి నాకు తెలియదు.

పార్కింగ్‌లోకి వెళ్తే కారు అద్దాలన్నీ ఆవిరి పట్టి ఉన్నాయి. హీటర్ వేసుకుని, సరస్వతిని ఒళ్ళో పెట్టుకుని నిద్రపోయింది. తలుపు తీస్తే లేచి, "సహాన పాడారా?" అంది. లేదన్నాను. నా జన్మలో ఆడిన అబద్ధాల్లో అంత సులువుగా వచ్చింది ఇంకోటి లేదు. మర్నాడు ఎవరో ఫోన్ చేసి సహాన గురించి గంటసేపు పొగిడారు. అత్తయ్య ఆ తర్వాత దాని గురించి నన్ను ఎప్పుడూ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

చాలా ఏళ్ళకి, సిక్స్త్ అండ్ ఐకి వెళ్ళడం అలవాటయ్యాక, ఏదో ప్రసంగం మధ్యలో మోచేత్తో పొడిచి పైకి చూపించింది. ఆ బీరువా పైన ఒక దీపం ఉంటుంది. ఏ సినగాగ్‌లోనైనా ఉంటుంది, నేర్ తమీద్ అంటారు, ఆరనివ్వరు. మన అఖండ దీపం లాంటిదే. "ఏవండీ, వెలిగే ఉందిగా" అంది, అంతే, మళ్ళీ ప్రసంగం వినసాగింది.

కాబట్టి బుజ్జీ, కచేరీ రోజు వేదిక మీద దీపం లేదు, విగ్రహం లేదు. మీ అమ్మ గొడవ చేస్తే నా దగ్గరికి పంపు. మధ్యాహ్నం ఒంటిగంటకి మీరంతా మా ఇంటికి రండి. సరస్వతి ఇక్కడే ఉంది, అదే శాలువా మీద. కుందులు తోమించి పెడతాను. ఇక్కడ వెలిగించి, నాలుగు ముద్దలు తిని బయలుదేరదాం, అక్కడికి గంట ప్రయాణం. నాకు పై అంతస్తు వద్దు, మోకాళ్ళు. కింద మూడో వరసలో రెండు టికెట్లు తియ్యి, ఒకదాంట్లో నా కోటు పెట్టుకుంటాను. డబ్బు ఇస్తాను, ఊరికే వద్దు.

నీ పాటల జాబితాలో సహాన ఉందో లేదో నాకు ముందే చెప్పకు.

మీ మామయ్య