తడి ఉన్న చోటే లీకు ఉండాలని లేదు

చిరంజీవికి ఆశీస్సులు.

విమానం ఇంజిన్ అడుగున ఆయిల్ కారుతోంది, సంప్ (ఆయిల్ నిలిచే అడుగు తొట్టి) గాస్కెట్ మార్చేయమంటారా అని అడిగావు. ఆగు నాయనా. విమానం ఎగురుతుంటే గాలి ఆయిల్‌ను వెనక్కి తోస్తుంది, కౌలింగ్‌లో, అంటే ఇంజిన్ చుట్టూ ఉండే రేకు మూతలో, సుడి తిరిగి పైకి కూడా పూస్తుంది. అడుగున తడి ఉందంటే ఆయిల్ అక్కడికి చేరిందనే అర్థం, అక్కడ పుట్టిందని కాదు.

ముందు ఇంజిన్ కడుగు. మాగ్నెటోలు (ప్లగ్గులకు కరెంటు పుట్టించేవి), ఆల్టర్నేటర్, వాక్యూమ్ పంపు కప్పకుండా సాల్వెంట్ కొట్టావో, ఉన్న లీకుకు తోడు కొత్త జబ్బులు తెచ్చుకుంటావు. ఆరాక కొద్ది నిమిషాలే నడిపి, ఆపి, టార్చి వేసి చూడు. ఎక్కువసేపు నడిపితే మళ్లీ అంతా పూసుకుపోతుంది. తడిసిన వాటిలో అన్నిటికన్నా పైన, ప్రొపెల్లర్ వైపు అన్నిటికన్నా ముందు ఉన్న చోటు పట్టుకో. రాకర్ కవర్ గాస్కెట్లు, పుష్‌రాడ్ ట్యూబు సీళ్లు, ఆయిల్ రిటర్న్ గొట్టాల క్లాంపులు: దొంగ చాలాసార్లు వీటిలోనే దొరుకుతాడు.

ప్రొపెల్లర్ వెనక సీలు కారుతుంటే, మార్చే ముందు బ్రీదర్ గొట్టం, అంటే ఇంజిన్ లోపలి గాలిని బయటికి వదిలే గొట్టం, చూడు. అది మూసుకుపోతే క్రాంక్‌కేసులో (ఇంజిన్ ప్రధాన పెట్టెలో) ఒత్తిడి పెరిగి కొత్త సీలునూ తోసేస్తుంది. చలిలో గొట్టం కొసన మంచు కట్టినా అంతే. ఇంజిన్ పొడిగా ఉండి విమానం పొట్ట మాత్రం జిడ్డుగా ఉంటే, ఆయిల్ నిండుగా పోశారేమో అడుగు. 8 క్వార్టుల సంపు నింపితే పైదంతా బ్రీదర్‌లోంచి కక్కేసే ఇంజిన్లు చాలా ఉన్నాయి.

సిలిండర్ క్రాంక్‌కేసుకు బిగించిన చోట చెమ్మ కనబడితే మాత్రం నట్టు బిగించి ఊరుకోకు. స్టడ్డు సడలిందో, కేసు పగిలిందో తేలేదాకా ఆ విమానం ఎగరకూడదు. లైసెన్సున్న ఇంజనీరును పిలువు.

ఇంధనం సంగతి వేరు. 100 ఎల్ఎల్ అనే విమాన పెట్రోలు ఇట్టే ఆవిరైపోతుంది, నీలి మరక మిగులుతుంది. తడి కోసం కాదు, ఆ మరక కోసం వెతుకు. వాసన గట్టిగా ఉంటే ఏ స్విచ్చీ వేయకు. హ్యాంగర్ తలుపులు తీసి, మంటలార్పే సిలిండర్ చేతికందేలా పెట్టుకో. గాలి ఆడాక, ఇంజిన్‌లోకి ఇంధనం పోకుండా మిక్స్చర్ మీట పూర్తిగా లాగి, బూస్టర్ పంపు (ఇంధనాన్ని తోసే కరెంటు పంపు) వేసి జాయింట్లు చూడు. ఆపిన ఇంజిన్‌లో కార్బురేటర్ చినుకుతూనే ఉంటే ఫ్లోటు గానీ నీడిల్ వాల్వు గానీ సరిగా మూసుకోవడం లేదు. ఆయిల్ చెమ్మనైతే కొన్నాళ్లు గమనించవచ్చు. ఇంధనం చుక్క కారినా బాగుచేసేదాకా స్టార్ట్ చేయకు.

ప్రొపెల్లర్ దగ్గర చేతులు జాగ్రత్త. స్విచ్ ఆపినా, మాగ్నెటో గ్రౌండు వైరు తెగి ఉంటే, ప్రొపెల్లర్ తిప్పగానే అది నిప్పు రవ్వ ఇస్తుంది, ఇంజిన్ అంటుకోవచ్చు.