చిన్న చేతికి ఎయిర్ పిస్టల్ ఎలా ఎంచుకోవాలి?

చేతులు చిన్నవి, 10 మీటర్ల షూటింగ్ పోటీకి ఎయిర్ పిస్టల్ ఏది కొనాలని అడిగారు. కంపెనీ సంగతి తర్వాత, ముందు గ్రిప్ (చేత్తో పట్టుకునే పిడి) సైజు చూడండి. మోరీనీ, స్టెయర్ లాంటి కంపెనీల పిస్టళ్లకు చెక్క గ్రిప్పులు స్మాల్, మీడియం, లార్జ్ సైజుల్లో దొరుకుతాయి.

పిస్టల్ పట్టుకున్నాక చూపుడువేలి మొదటి కణుపులోని మెత్తటి భాగం ట్రిగ్గర్ మీద ఆనాలి. వేలి కొస మాత్రమే అందుతుంటే నొక్కిన ప్రతిసారీ గురి పక్కకు లాగేస్తుంది. ట్రిగ్గర్‌ని ముందుకూ వెనక్కూ జరుపుకోవచ్చు గానీ, గ్రిప్ లావైతే ఆ కాస్త సర్దుబాటు చాలదు. గ్రిప్ అడుగున అరచేతిని ఆనించే పలకను చేతి అంచుకు తగిలేలా బిగించండి, మరీ నొక్కేయకూడదు. ఇంకా సందులుంటే కొందరు వుడ్ పుట్టీతో నింపుతారు. నన్నడిగితే, నెల రోజులు వాడాకే ఆ పని పెట్టుకోండి.

మణికట్టు త్వరగా అలిసిపోతుంటే పొట్టి బారెల్ మోడల్ చూడండి, ముందువైపు బరువు తగ్గుతుంది.